మెట్ల మీద వాద్యబృందం: జో పాస్టర్నాక్ గురించి ఒక సాయంత్రం

(ఫిల్మ్ సొసైటీ నెలవారీ ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక నిలబడినవాళ్లు దయచేసి వచ్చి కూర్చోండి. ఈ సాయంత్రం మనం చూడబోయే సినిమా 84 నిమిషాలే. అందుకని నాకు మామూలుగా ఇచ్చేదానికన్నా కాస్త ఎక్కువ సమయమే ఇచ్చారు.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీకు బాగా ఇష్టమైన పాత పాట ఒకటి గుర్తు చేసుకోండి. ఎవరు పాడారు? వెంటనే చెబుతారు. ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు? అదీ చెబుతారు. తెర మీద ఎవరున్నారు, దర్శకుడెవరు? చెబుతారు. మరి నిర్మాత ఎవరు? చూశారా, హాలంతా నిశ్శబ్దం. నిర్మాత అంటే డబ్బు పెట్టినాయన అని మన లెక్క. డబ్బు పెట్టినాయన పేరు గుర్తుంచుకోవాల్సిన పని మనకేమిటి అనుకుంటాం.

అయితే నేను చెప్పబోయే కాలంలో, హాలీవుడ్‌లో, నిర్మాత డబ్బు పెట్టేవాడు కాదండీ. డబ్బు స్టూడియోది. నిర్మాత కూడా స్టూడియోలో జీతం తీసుకునే మనిషే. కథ ఎంచడం, రచయితను కూర్చోబెట్టి రాయించడం, ఏ గొంతు పక్కన ఏ గొంతు పెడితే నప్పుతుందో చూడటం, నటి ఏడుస్తూ గదిలోంచి రానంటే వెళ్లి తలుపు తట్టడం, ఇవన్నీ ఆయన పని. పెళ్లి ఇంట్లో పెద్దమామయ్య ఒకాయన ఉంటాడు కదా, ఫోటోల్లో ఎక్కడా కనిపించడు, ఆయన లేకపోతే పెళ్లే జరగదు. అలాంటి మనిషి.

జో పాస్టర్నాక్ అలాంటి నిర్మాత. 1936 నుంచి 1960ల చివరి దాకా, మొదట యూనివర్సల్‌లో, తర్వాత ఎంజీఎంలో, ఆ రెండు హాలీవుడ్ స్టూడియోల్లో సినిమాలు తీశారు. ఎక్కువ భాగం పాటల సినిమాలే. డియానా డర్బిన్, కాథరిన్ గ్రేసన్, జేన్ పవెల్, మారియో లాంజా, ఈ గొంతులు లోకానికి చేరింది ఆయన చేతుల మీదుగా. 1956లో ఆయన తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'ఈజీ ది హార్డ్ వే'. కష్టపడి సంపాదించిన సులువు అని చెప్పుకోవచ్చు. ఆ పేరు మనసులో పెట్టుకోండి. ఆయన సినిమాలు తేలికగా ఉంటాయని అందరూ అన్నారు. కొందరు మెచ్చుకుంటూ అన్నారు, కొందరు తీసిపారేస్తూ అన్నారు. ఆ తేలికదనం ఎంత బరువు మోసుకుంటూ వచ్చిందో మీతో చెప్పాలని నా ఆరాటం.

ఆయన 1901 సెప్టెంబరు 19న పుట్టారు. ఊరి పేరు సిలాజ్‌షొమ్యో. నోరు తిరగడం కాస్త కష్టమే. ట్రాన్సిల్వేనియాలో చిన్న ఊరు. యూదు కుటుంబం. ఆయన పుట్టినప్పుడు ఆ ఊరు హంగరీలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అదే ఊరు రొమేనియాలోకి వెళ్లింది. ఊరు కదల్లేదు, సరిహద్దు కదిలింది. ఇంట్లో కూర్చున్నవాడికి కూర్చున్నచోటే దేశం మారిపోతే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి.

1920ల మొదట్లో ఆ కుర్రాడు ఓడ ఎక్కి అమెరికా చేరాడు. వయసు ఇరవై. ఇంగ్లీషు రాదు. మొదట ఫిలడెల్ఫియాలో ఫ్యాక్టరీ పని. తర్వాత న్యూయార్క్‌లో, అస్టోరియా అనే చోట పారమౌంట్ వారి స్టూడియో ఉండేది, అక్కడి క్యాంటీన్‌లో ఎంగిలి పళ్లాలు తీసి బల్లలు తుడిచే పని. స్టూడియోలోకి ఆయనకు తెరుచుకున్న తలుపు వంటింటి తలుపు. ఆ పళ్లాలు తీస్తూనే సెట్టు మీదికి దారి వెతుక్కున్నాడు. 1923 ప్రాంతానికి సహాయ దర్శకుల వరుసలో చిట్టచివరి చోటు దొరికింది. అంటే అందరూ ఎవరి మీద అరుస్తారో ఆ చోటు.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పి ముందుకు వెళతాను. ఈ మనిషి వంటింటిని చివరి దాకా వదల్లేదు. 1966లో, అంత పేరు వచ్చాక, ఒక వంటల పుస్తకం రాశారు. దాని పేరులో ప్రేమా ఉంది, పాప్రికా కూడా ఉంది. పాప్రికా అంటే హంగరీవాళ్ల మిరపపొడి. మన గుంటూరు కారమంత ఘాటు ఉండదు, రంగు మాత్రం కళ్లకు నిండుగా ఉంటుంది. ఆయన సినిమాలు కూడా అలాంటివేనని నాకు అనిపిస్తుంది.

1920ల చివర్లో యూనివర్సల్ కంపెనీ ఆయన్ను బెర్లిన్ పంపింది. ఎందుకు పంపింది? సినిమాకు మాటలు రాగానే భాష అడ్డొచ్చింది. మూకీ చిత్రం ఎక్కడైనా ఆడుతుంది, టాకీ అలా ఆడదు. కాబట్టి జర్మన్ ప్రేక్షకుడికి జర్మన్‌లోనే సినిమా తీయాలి. అక్కడ ఆయనకు ఒక యువ దర్శకుడు దొరికాడు, హెర్మన్ కోస్టర్‌లిట్జ్. మనకు తర్వాత హెన్రీ కోస్టర్‌గా తెలిసిన ఆయన. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఇద్దరూ యూదులే. కోస్టర్ ఒక బ్యాంకులో తనను అవమానించిన నాజీ దళం అధికారిని ఒక్క దెబ్బ కొట్టి, అటునుంచి అటే రైల్వే స్టేషనుకు వెళ్లి దేశం దాటాడని చెబుతారు. బెర్లిన్ పోయింది. పాస్టర్నాక్ తన మనుషులను కూడగట్టుకుని బుడాపెస్ట్, వియన్నా నగరాల్లో సినిమాలు తీశారు. ఫ్రాన్సిస్కా గాల్ అనే హంగేరియన్ నటి నాయిక. చలాకీ ఆడపిల్ల, ఆమె చుట్టూ కష్టాల్లో చిక్కుకున్న పెద్దవాళ్లు, మధ్యలో పాట, చివరికి ఆ పిల్లే అందరి చిక్కులూ విప్పుతుంది. తర్వాత హాలీవుడ్‌లో ఆయనకు పేరు తెచ్చిన మూస ఇదే. ఇది కాలిఫోర్నియా ఎండలో పుట్టలేదు. తరుముతుంటే పరుగెత్తుతున్న మనుషులు మధ్యలో ఆగి తీసిన సినిమాల్లో పుట్టింది.

1936లో అమెరికా తిరిగి వచ్చారు. కోస్టర్‌ను కూడా వెంట తెచ్చుకున్నారు. కోస్టర్‌కు ఇంగ్లీషు అంతంతమాత్రమే. సరిగ్గా అదే సమయానికి యూనివర్సల్ కూలిపోతోంది. ఆ కంపెనీ పెట్టిన కార్ల్ లెమ్లే కూడా జర్మనీ నుంచి వలస వచ్చినవాడే. అప్పు తీర్చలేక 1936 వసంతంలో స్టూడియోను పోగొట్టుకున్నాడు. కొత్త యజమానులు. ఖర్చులు తగ్గించాలన్న పట్టుదల. అలాంటి చోట ఇద్దరు కొత్తవాళ్లకు ఒక చిన్న సినిమా ఇచ్చారు.

డియానా డర్బిన్ కథ ఇక్కడ మొదలవుతుంది. నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త నిదానంగా చెబుతాను.

ఎంజీఎంలో ఇద్దరు బాలికలు ఉండేవారు. ఒకరు జూడీ గార్లండ్. రెండోవారు కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిన డర్బిన్. 1936లో ఇద్దరినీ కలిపి పది పదకొండు నిమిషాల లఘుచిత్రం ఒకటి తీశారు, 'ఎవ్రీ సండే' అని. పార్కులో వాద్యకచేరీకి జనం రావడం లేదు, కచేరీ ఆపేస్తారట. ఇద్దరు పిల్లలూ వేదిక ఎక్కి పాడతారు. ఒకరిది శాస్త్రీయ గాత్రం, ఇంకొకరిది జాజ్. ఇద్దరి గొంతులూ కలిసేసరికి జనం వచ్చి నిలబడతారు. అంతే కథ. ఎంజీఎం డర్బిన్‌ను వదులుకుంది, యూనివర్సల్ తీసుకుంది. పాస్టర్నాక్ మొదట అడిగింది జూడీనే అని, ఆమె దొరకదనడంతో ఈ పిల్లను చూశారని అంటారు. పధ్నాలుగేళ్ల పిల్ల. కోస్టర్ ఒక్కొక్క మాటా, ఒక్కొక్క చూపూ దగ్గర కూర్చుని నేర్పాడు. 'త్రీ స్మార్ట్ గర్ల్స్' 1936 డిసెంబరులో వచ్చింది. దివాలా అంచున ఉన్న స్టూడియో చిన్నగా మొదలుపెట్టిన సినిమా ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు నామినేట్ అయింది.

డియానాను కనిపెట్టింది మీరే కదా అని అడిగితే, ఆ గొంతు ఎవరూ కనిపెట్టింది కాదు, ఆ వెలుగు ఆమెదే అన్న అర్థం వచ్చేలా పాస్టర్నాక్ ఆత్మకథలో రాసుకున్నారు. ఆ మాట నిజమే. కానీ ఆ గొంతు ఎంజీఎం చెవిన కూడా పడింది కదా! విన్నవాళ్లందరికీ వినపడదు. పాస్టర్నాక్ జీవితమంతా ఇలాగే సాగింది. మిగతావాళ్లు పక్కన పెట్టేసిన మనిషి దగ్గర ఈయన ఆగుతారు.

మెట్లు

ఇప్పుడు మనం చూడబోయే 'వన్ హండ్రెడ్ మెన్ అండ్ ఎ గర్ల్' సంగతి. 1937. అమెరికాలో ఇంకా ఆర్థిక మాంద్యం. దానికి తోడు సంగీత కళాకారులకు మరో దెబ్బ. మూకీల కాలంలో ప్రతి పెద్ద థియేటర్లోనూ తెర ముందు వాద్యబృందం ఉండేది. టాకీ రాగానే శబ్దం ఫిల్ము మీదే వచ్చింది. వేలాది మంది వాయిద్యకారులు రోడ్డున పడ్డారు. ఇలా ఆలోచించండి: సినిమా తన వల్ల ఉపాధి పోయిన మనుషుల గురించి తనే ఒక సినిమా తీసింది.

కథలో తండ్రి ట్రాంబోన్ అనే పెద్ద బూర వాయిస్తాడు. పనిలేదు. కూతురు ప్యాట్సీ, అంటే డర్బిన్, నాన్నతో పాటు వంద మంది నిరుద్యోగ కళాకారులను కూడగట్టి ఒక ఆర్కెస్ట్రా తయారు చేస్తుంది. దానికి ప్రసిద్ధ సంగీత నిర్దేశకుడు లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ వచ్చి నాయకత్వం వహించాలి. స్టొకోవ్‌స్కీ పాత్రలో నిజంగా స్టొకోవ్‌స్కీయే నటించారు. ఆయన కుదరదంటారు. అప్పుడు ఆ పిల్ల ఏం చేసింది? వంద మందినీ తీసుకుని ఆయన ఇంటికే వెళ్లింది.

ఆ దృశ్యం ఒక్కటి కళ్ల ముందు నిలపనివ్వండి. పెద్ద ఇల్లు. మధ్యలో పైకి తిరిగే విశాలమైన మెట్లు. ఆ మెట్ల మీద, కింది హాల్లో, పై వసారాలో, ఎక్కడ చోటుంటే అక్కడ మాసిన కోట్లు వేసుకున్న మనుషులు వయొలిన్లు, చెల్లోలు, బూరలు పట్టుకుని నిలబడ్డారు. స్టొకోవ్‌స్కీ పైన తన గదిలో ఉన్నారు. వీళ్లు వాయించడం మొదలుపెట్టారు. హంగరీ స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ కట్టిన సంగీతం, రెండో హంగేరియన్ రాప్సొడీ. తలుపు తెరుచుకుంది. ఆయన బయటికి వచ్చి పిట్టగోడ దగ్గర నిలబడ్డారు. ముఖంలో కోపం, విస్మయం. చేతులు కదలకుండా పట్టుకున్నారు. ఆ చేతుల్ని చూడండి, దయచేసి ఇవాళ ఆ చేతుల్నే చూడండి. ఆయన కర్ర పట్టకుండా ఉత్త చేతులతో సంగీతాన్ని నడిపించే మనిషి. ముందు వేళ్లు కదులుతాయి. తర్వాత మణికట్టు. ఆపుకోవాలని ఉంది, ఆపుకోలేరు. చివరికి రెండు చేతులూ లేచిపోతాయి, పైనుంచి ఆ వంద మందినీ నడిపించేస్తారు. ఒక్క మాట ఉండదు. వాదన లేదు, బతిమాలడం లేదు. సంగీతం తెలిసిన శరీరం మనసు కన్నా ముందే ఒప్పేసుకుంది.

అన్ని సంగీతాలు ఉండగా హంగేరియన్ రాప్సొడీయే ఎందుకు? పాస్టర్నాక్ హంగరీ మనిషి కాబట్టి అని నేను ఖాయంగా చెప్పలేను. కానీ వినండి. ఎనిమిదేళ్ల తర్వాత, 1945లో, ఎంజీఎంలో ఆయన తీసిన 'యాంకర్స్ అవే'లో హాలీవుడ్ బౌల్ వేదిక మీద వరుసగా పియానోలు పెట్టి, స్పెయిన్ నుంచి వచ్చిన పియానో విద్వాంసుడు హోసే ఇతుర్బీతో, పిల్లలతో వాయించింది కూడా ఇదే రాప్సొడీ. మీకు తెలియని సంగీతం అనుకోకండి. ఇళ్లల్లో పిల్లలు చూసే టామ్ అండ్ జెర్రీలో పిల్లి కోటు వేసుకుని పియానో వాయిస్తుంటే ఎలుక లోపలి నుంచి అల్లరి చేస్తుంది కదా? అదీ ఇదే సంగీతం. ఆ, ఇప్పుడు చాలా తలలు ఊగాయి!

'వన్ హండ్రెడ్ మెన్ అండ్ ఎ గర్ల్'కు ఉత్తమ సంగీతానికి ఆస్కార్ వచ్చింది. డర్బిన్‌తో ఆయన వరుసగా పది సినిమాలు తీశారు. మధ్యలో 1939లో 'డెస్ట్రీ రైడ్స్ అగైన్'. అంతకు ముందు ఏడాదే థియేటర్ యజమానుల పత్రికా ప్రకటన ఒకటి నటి మార్లీన్ డీట్రిచ్‌ను కలెక్షన్లకు విషం అంది. ఆమె ఫ్రాన్స్‌లో ఉంది. పాస్టర్నాక్ ఫోన్ చేసి పిలిచారు. పిలిచి ఏమిచ్చారు? పొగమంచులో నిలబడే దేవత వేషం కాదు. కౌబాయ్ ఊళ్లో మద్యం దుకాణంలో పాటలు పాడి, మరో ఆడమనిషితో జుట్టూ జుట్టూ పట్టుకుని నేల మీద దొర్లే పాత్ర. డీట్రిచ్ మళ్లీ నిలబడింది. పక్కకు పెట్టేసిన మనిషి అన్నాను చూడండి, అదే. మరుసటి ఏడాది బుడాపెస్ట్ నుంచి వచ్చిన లావుపాటి హాస్యనటుడు ఎస్. జెడ్. సకాల్‌కు మొదటి అమెరికన్ వేషం ఇచ్చింది కూడా పాస్టర్నాక్ సినిమాయే. ఆయన బుగ్గలు ఒక్కసారి చూస్తే మరిచిపోరు.

ఎంజీఎం

1940ల మొదట్లో ఆయన ఎంజీఎంకు మారారు. అక్కడ సంగీత చిత్రాలు తీసే నిర్మాతలు ముఖ్యంగా ముగ్గురు: ఆర్థర్ ఫ్రీడ్, జాక్ కమింగ్స్, పాస్టర్నాక్. చరిత్ర రాసినవాళ్లు ఫ్రీడ్‌ను నెత్తిన పెట్టుకున్నారు. అందులో అన్యాయం లేదు, 'సింగిన్ ఇన్ ది రెయిన్' తీసిన మనిషి ఆయన. కానీ ఫ్రీడ్‌ను మెచ్చుకోవడానికి పాస్టర్నాక్‌ను తక్కువ చేయాలా? ఫ్రీడ్ సినిమాల్లో నాట్యం ముందు. పాస్టర్నాక్ సినిమాల్లో గొంతు ముందు. పైగా ఆయన పట్టుదల ఒక్కటే: ఒపెరా, అంటే పాటలతోనే సాగే పాశ్చాత్య సంగీత నాటకం, దాని టికెట్టు కొనలేనివాడు సినిమా టికెట్టుతో ఒపెరా గొంతు వినాలి. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరాలు పాడే డెన్మార్క్ మహాగాయకుడు లావ్రిట్జ్ మెల్కియోర్‌ను తెచ్చి, ఈతల రాణి ఎస్తర్ విలియమ్స్ పక్కన నిలబెట్టారు. 1943లో 'థౌజండ్స్ చీర్'లో ఇతుర్బీ పియానో దగ్గర కూర్చుంటే పక్కన జూడీ గార్లండ్ హుషారైన పాట పాడుతుంది, ఆ శాస్త్రీయ విద్వాంసుడు కూడా జాజ్ వాయిస్తాడు. పార్కులో ఇద్దరు పిల్లలు కలిపి పాడిన ఆ లఘుచిత్రం గుర్తుందా? ఎంజీఎం మరిచిపోయిన ఆ సూత్రాన్ని ఈయన అదే ఎంజీఎంకు తిరిగి తెచ్చి ఇచ్చారు.

సంగీతం తెలిసినవాళ్లు కొందరు దీన్ని కల్తీ అన్నారు. నేను ఒప్పుకోను. చిన్నప్పుడు కచేరీకి వెళ్లే స్తోమత లేని ఇళ్లలోకి త్యాగరాజ కీర్తన సినిమా ద్వారానో రేడియో ద్వారానో వచ్చింది. అది కల్తీ అయితే మనలో సగం మందికి సంగీతమే లేదు. అలాగని ఆయన తీసినవన్నీ గొప్పవని అనను. 1940ల చివర్లో జేన్ పవెల్‌తో తీసినవి కొన్ని ఒకే కథ తిరగేసి మరగేసి చెప్పినట్టుంటాయి. డర్బిన్ సినిమానే పేరు మార్చి మళ్లీ తీసిన సందర్భమూ ఉంది. పాటలు విని మిగతాది వదిలేయవచ్చు.

'యాంకర్స్ అవే'లో జీన్ కెల్లీ కార్టూన్ ఎలుక జెర్రీతో కలిసి నాట్యం చేస్తాడు. అందరూ చూసే ఉంటారు, దాని గురించి ఎక్కువ చెప్పను. నాకు చెప్పాలని ఉన్నది జూడీ గురించి.

1950, 'సమ్మర్ స్టాక్'. జూడీ అప్పటికి చాలా నలిగిపోయి ఉంది. చిన్నతనం నుంచి స్టూడియో ఇచ్చిన మాత్రలు, నిద్రలేమి, ఆసుపత్రులు. షూటింగుకు వచ్చే రోజు కన్నా రాని రోజు ఎక్కువ. నెలలు గడుస్తున్నాయి, డబ్బు పోతోంది. ఆపేద్దామా అని పాస్టర్నాక్ ఒక దశలో స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్ దగ్గరికి వెళ్లారు. ఆమె మనకు ఎంతో సంపాదించి పెట్టింది, ఇప్పుడు మనం ఓపిక పట్టాలి అని మేయర్ అన్నాడట. సరేనన్నారు. జీన్ కెల్లీ కూడా ఆమె కోసం, పాస్టర్నాక్ కోసమే ఆ సినిమా ఒప్పుకున్నాడు. షూటింగు అయిపోయింది అనుకున్నాక చూస్తే ముగింపులో ఒక పాట తక్కువైంది. జూడీ అప్పటికి విశ్రాంతికి వెళ్లింది. కొన్ని వారాలకు తిరిగొచ్చింది, బాగా సన్నబడి. నల్ల కోటు, కాళ్లకు నల్ల మేజోళ్లు, ఒక కంటి మీదికి వంచిన టోపీ. పాట 'గెట్ హ్యాపీ'. సినిమాలో ముందరి రీళ్లలో చూసిన మనిషి, ఈ మనిషి ఒకరేనా అనిపిస్తుంది. అలసట ఆనవాలు ఎక్కడా లేదు. అది ఎంజీఎంలో ఆమె చివరి సినిమా. కొన్ని నెలలకే ఆమెను కంపెనీ వదిలేసింది. పదిహేనేళ్లు ఆ గోడల మధ్య గడిపిన పిల్ల బయటికి వెళ్లేటప్పుడు ఆ మూడు నిమిషాలు మన చేతిలో పెట్టి వెళ్లింది. ఆ మూడు నిమిషాలు దక్కడానికి నెలల తరబడి ఓపిక పట్టినవాళ్లలో ఈ నిర్మాత ఒకరు.

తర్వాత మారియో లాంజా. ఫిలడెల్ఫియాలో ఇటాలియన్ వలస కుటుంబంలో, ప్రసిద్ధ ఒపెరా గాయకుడు కరూసో పోయిన 1921లోనే పుట్టాడు. 1951లో అతనితో 'ది గ్రేట్ కరూసో' తీశారు. సినిమా నిండా ఒపెరా పాటలు. ఎవరు చూస్తారన్నారు. లోకమంతా చూసింది. బార్సిలోనాలో ఒక చిన్న పిల్లవాడు చూసి ఇంటికెళ్లి పాడటం మొదలుపెట్టాడు. ఆ పిల్లవాడే తర్వాత పెద్ద ఒపెరా గాయకుడైన హోసే కరెరాస్.

లాంజాతోనే 'ది స్టూడెంట్ ప్రిన్స్' మొదలైంది. పాటలన్నీ ముందే రికార్డు చేశారు. ఇంతలో ఒక పాటను ఎలా పాడాలన్న దాని మీద దర్శకుడికీ లాంజాకూ పట్టింపు వచ్చింది. లాంజా వెళ్లిపోయాడు. కోర్టు గొడవలు. చివరికి 1954లో ఎడ్మండ్ పర్డమ్ అనే నటుడు తెర మీద పెదవులు కదిపితే లాంజా గొంతు వినిపించింది. అక్కడి పత్రికలు దీన్ని వింతగా రాశాయి. మనకు ఇందులో వింతేముంది? రామారావు గారు, నాగేశ్వరరావు గారు పెదవి కదిపితే ఘంటసాల గారి గొంతు రావడం మనకు అన్నం తిన్నంత సహజం. కానీ అక్కడ ఆ సినిమా చూస్తే నాకు మనసు బాగుండదు. మన దగ్గర గాయకుడికీ నటుడికీ మధ్య ఒప్పందం ఉంది, ప్రేమ ఉంది. అక్కడ ఆ గొంతు ఒంటరిగా వేరే ముఖంలోంచి వస్తోంది. అయిదేళ్లకు, 38 ఏళ్ల వయసులో, రోమ్‌లో లాంజా చనిపోయాడు.

ఇక్కడి నుంచి త్వరగా వెళతాను. 1955లో 'లవ్ మి ఆర్ లీవ్ మి', డోరిస్ డే, జేమ్స్ క్యాగ్నీ. పాస్టర్నాక్‌కు చీకటి తెలియదన్నవాళ్లకు ఆ ఒక్క సినిమా చాలు సమాధానం. 1960ల్లో కుర్రకారు సినిమాలు, ఎల్విస్ ప్రెస్లీతో రెండు. 1962లో సర్కస్ నేపథ్యంతో 'జంబో' అనే పెద్ద పాటల సినిమా తీశారు, జనం రాలేదు. కాలం మారిపోయింది. 1960ల మధ్యలో ఆస్కార్ సభను టీవీకి నిర్మించారు. తన పేర మాత్రం ఉత్తమ చిత్రం ఆస్కార్ ఎప్పుడూ రాలేదు. 1991 సెప్టెంబరు 13న, 90 నిండటానికి ఆరు రోజుల ముందు పోయారు.

ఒక్క విషయం మిగిలింది. దాని కోసమే ఈ రోజు మాట్లాడతానని ఒప్పుకున్నాను.

1944. పాస్టర్నాక్ ఎంజీఎంలో 'టూ గర్ల్స్ అండ్ ఎ సెయిలర్', 'మ్యూజిక్ ఫర్ మిలియన్స్' విడుదల చేసిన సంవత్సరం. రెండూ నవ్వులూ పాటలూ ఉన్న సినిమాలే. అదే సంవత్సరం మే నెలలో, అప్పటికి మళ్లీ హంగరీ చేతికి వచ్చిన ఆయన సొంత ప్రాంతంలో, సిలాజ్‌షొమ్యో యూదులనూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లనూ ఊరి పక్కన ఒక ఇటుకల బట్టీ ఆవరణలోకి తోలి నిర్బంధించారు. వేలాది మంది. అక్కడి నుంచి రైళ్లలో నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌కు పంపారు. ఆయన పుట్టిన ఊరు అలా ఖాళీ అయింది. అలాంటి ఏడాదిలో తేలికైన సినిమా తీయడం తేలికా? మీరే చెప్పండి.

ఇంకొకటి కూడా విని, అప్పుడు సినిమా చూద్దాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1942 జూలైలో ఒక పదమూడేళ్ల యూదు అమ్మాయి నాజీలకు చిక్కకుండా కుటుంబంతో పాటు ఒక భవనం వెనక భాగంలో దాక్కుంది. తన డైరీతో లోకానికి తెలిసిన ఆనీ ఫ్రాంక్. ఆమె దాచుకున్న సినిమా తారల బొమ్మలను తండ్రి ముందే తెచ్చి పెట్టాడు. గోడలు బోసిగా ఉన్నాయని వాటిని అంటించుకుంది. వాటిలో డియానా డర్బిన్ బొమ్మలు ఉన్నాయి. ఒకటి 1939లో పాస్టర్నాక్ తీసిన 'ఫస్ట్ లవ్' సినిమాలోది, డర్బిన్ పక్కన రాబర్ట్ స్టాక్. తెర మీద డర్బిన్ మొదటి ముద్దు అని అమెరికా పత్రికలన్నీ రాసిన సినిమా. బయటికి అడుగు పెట్టలేని ఆ పిల్ల రెండేళ్ల పాటు పొద్దున లేస్తే ఆ ముఖాన్ని చూసింది. 1944 ఆగస్టులో వాళ్లను పట్టుకుపోయారు. బొమ్మలు గోడ మీదే ఉండిపోయాయి. ఇప్పటికీ ఉన్నాయి, ఆ ఇంటికి వెళ్లినవాళ్లు చూడవచ్చు.

సరే. దీపాలు ఆర్పండి బాబూ. మెట్ల దృశ్యం సినిమా చివరి భాగంలో వస్తుంది. స్టొకోవ్‌స్కీ చేతుల్ని చూడండి.